మాంగా తెలుసుకోవాలంటే

ఏ ఊరికి దారి అడిగినా చెప్పేవాళ్లు పదిమంది వుంటారు. వాళ్లలో ఆ ఊరు చూసినవాడు ఒక్కడుంటే మన అదృష్టం. జపాను బొమ్మల కథల సంగతీ సరిగ్గా ఇల్లాగే వుంది. సెల్‌ఫోనులో ‘మాంగా’ అని కొట్టి చూడండి. క్షణంలో లక్షల పుటలు వచ్చి వాలతాయి. ఏ కథలో నాయకుడు ఏ కథలో నాయకుణ్ణి ఓడిస్తాడని తగువులాడేవి కొన్ని. ‘ఉత్తమ మాంగాలు పది’ అంటూ తోచిన పేర్లు ఏకరువు పెట్టేవి కొన్ని. ఎత్తుకొచ్చిన బొమ్మలు పరిచి మధ్యమధ్య జూదం ప్రకటనలు అంటించేవి మరికొన్ని. తెలుసుకుందామని వెళ్లినవాడు గంట తర్వాత కళ్లు నులుముకుంటూ బయటపడతాడు. తెలిసింది మాత్రం సున్న.

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. ప్రబంధాలు చెప్పుకునేవాడికి జపాను బొమ్మలతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. పని నా విద్యార్థులు పెట్టారు. వెనక బెంచీలో తలలు వంచుకుని వాళ్లు చదివేది నా పాఠం కాదు, ‘వన్ పీస్’. సరే, అంత ఇష్టంగా చదువుతున్నారు గదా, దాన్ని గీసినవారెవరని అడిగితే ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ తెల్లమొహం వేశారు. ఎయిచిరో ఓడా అనే ఆయన 1997 నుంచి దాన్ని గీస్తున్నాడు. పాతికేళ్లకు పైగా ఒక మనిషి కూచుని గీసిన కథను ఎవరిదో తెలియకుండానే చదివేస్తున్నామంటే, ఎక్కడో దారి తప్పామన్నమాట.

అప్పటినుంచి తీరిక చిక్కినప్పుడల్లా ఈ దారి వెతుకుతూ వచ్చాను. తేలింది ఒక్కటే: మాంగా గురించి అరిచేవాళ్ల దగ్గరికి కాదు, మాంగాను దాచుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లాలి. గ్రంథాలయాలు, ప్రదర్శనశాలలు, చిత్రకారుల సంస్థలు, ప్రచురణకర్తలు - వీళ్ల గుమ్మాలు ఇంటర్నెట్టులో తెరిచే వున్నాయి. చాలా చోట్ల టిక్కెట్టు కూడా లేదు.

మొదటి మజిలీ: పార్లమెంటు గ్రంథాలయం

‘మాంగా’ అన్న మాటలో రెండు అక్షరాలున్నాయి. మొదటిదానికి అదుపు లేకుండా తోచినట్టు సాగేదని అర్థం; రెండోదానికి బొమ్మ అని. తోచినట్టు గీసిన బొమ్మలన్నమాట. ఈ పేరును జపాను ఇంటింటికీ చేర్చినవాడు హొకుసాయ్. సముద్రపు పెద్ద కెరటం బొమ్మ చూడనివారుండరు గదా, అది గీసిన మహానుభావుడే. ఆయన ‘హొకుసాయ్ మాంగా’ మొదటి సంపుటం 1814లో వెలువడింది. ఆయన 1849లో కన్నుమూశాడు. పదిహేనో సంపుటం, అంటే చివరిది, 1878లో గాని రాలేదు. వాటిలో కథ లేదు. స్నానం చేసే లావుపాటి మనుషులు, ముఖాలు వికారంగా పెట్టేవాళ్లు, చేపలు, దెయ్యాలు, వాన, గాలి - శిష్యులు చూసి గీసుకోవడానికి పనికొచ్చే నమూనాలు.

ఈ సంపుటాలను చూడాలంటే జపాను వెళ్లనక్కరలేదు. 1948లో ఏర్పడ్డ అక్కడి పార్లమెంటు గ్రంథాలయం, దాన్ని నేషనల్ డయట్ లైబ్రరీ అంటారు, హక్కులు తీరిపోయిన పాత పుస్తకాలను పుటపుటా ఫోటో తీసి తన వెబ్‌సైట్‌లో పెట్టింది. ఏ దేశంవారైనా చూడవచ్చు. మన చేతిలో ఫోను మీద రెండు వందల ఏళ్ల నాటి కాగితం నార కూడా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక కిటుకు చెబుతాను. పేరును ఇంగ్లీషులో కొడితే అరకొరగా దొరుకుతుంది. ముందు విజ్ఞాన సర్వస్వం లాంటి చోట ఆ పుస్తకం పేరు జపాను లిపిలో ఎల్లా వుందో చూడండి. దాన్ని ఎత్తి వెతికే గడిలో దింపండి. ఆ లిపి మనకు రాకపోయినా ఫరవాలేదు. తాళం ఎల్లా తయారైందో తెలియకపోయినా తాళంచెవి తిప్పవచ్చు గదా!

మరొక హెచ్చరిక. మాంగా పన్నెండో శతాబ్దంలోనే పుట్టిందని చాలా చోట్ల ఘంటాపథంగా రాసి వుంటుంది. క్యోటో దగ్గరి కోజాన్‌జి ఆలయానికి చెందిన నాలుగు చిత్రపటాల చుట్టలున్నాయి. అందులో కప్పా, కుందేలూ కుస్తీ పడతాయి. కోతి మతగురువు వేషం వేస్తుంది. చూసి తీరవలసిన బొమ్మలే. ఐతే వాటినుంచి నేటి మాంగాదాకా ఒకే తీగ పాకిందనడం సరికాదు. నేటి మాంగాకు అసలు నారు పోసింది పత్రికలు. పాశ్చాత్యుల వ్యంగ్య చిత్రాలు చూసి నేర్చుకున్న కితాజావా రకుటెన్ 1905లో ‘టోక్యో పక్’ అనే రంగుల పత్రిక పెట్టాడు. ఆయన నివసించిన చోటనే 1966లో వ్యంగ్య చిత్రాల ప్రదర్శనశాల వెలిసింది. పత్రికల ప్రస్తావన లేకుండా చుట్టల దగ్గరినుంచి సూటిగా ‘నరూటో’ దాకా దూకే రాత కనిపిస్తే, దాన్ని అక్కడే వదిలెయ్యండి.

వైద్యుడు కావలసిన చిత్రకారుడు

మాంగాలో ఒక్కరి గురించే తెలుసుకునే తీరిక వుందంటే, ఒసాము తెజుకా గురించి తెలుసుకోమంటాను. 1928లో పుట్టాడు. వైద్యం చదివి పట్టా పుచ్చుకున్నాడు గాని, చేత్తో నాడి పట్టడానికి బదులు కుంచె పట్టాడు. 1947 జనవరిలో ఆయన ‘కొత్త నిధి దీవి’ వెలువడింది. మొదటి పుటల్లో ఒక కుర్రవాడు కారు తోలుకుంటూ రేవుకి దూసుకుపోతాడు. గడి తర్వాత గడిలో కారు పెద్దదవుతూ వచ్చి చదివేవాడి మీదికే ఉరుకుతున్నట్టుంటుంది. సినిమా కెమెరా కాగితం మీదికి దిగిందన్నమాట. అదే ఏడు జులైలో మద్రాసులో ‘చందమామ’ తెలుగు పిల్లల చేతికి వచ్చిందని గుర్తు చేసుకుంటే మనకు కాలం కొలత బాగా అందుతుంది.

యుద్ధంలో ఓడి బూడిదైన ఊళ్లలో పిల్లలకు చవకగా దొరికిన సంతోషం ఈ పుస్తకాలే. అయినా 1955 ప్రాంతంలో తల్లిదండ్రుల సంఘాలు చెడ్డ పుస్తకాలను తరిమెయ్యాలంటూ ఉద్యమం నడిపాయి. తెజుకా పుస్తకాలు కూడా ఆ తిట్లు తిన్నవే. బొమ్మల పుస్తకం చదివితే పిల్లవాడు చెడిపోతాడన్న భయం మన ఇళ్లలోనే పుట్టిందనుకోకండి.

1989లో పోయేనాటికి ఆయన సుమారు 700 రచనలు, లక్షన్నర పుటలు గీశాడు. ఆయన పేరిట నడిచే అధికార వెబ్‌సైట్ ఇంగ్లీషులో కూడా వుంది. ఏ రచన ఏ పత్రికలో, ఏ నెలలో మొదలైంది, కథేమిటి, ఎందుకు రాశాడు - అన్నీ వరసగా చెబుతుంది. మంచి ఆధారం ఎల్లా వుండాలో చూపడానికి నేను విద్యార్థులకు మొదట ఈ పుటలే తెరిచి చూపిస్తాను. తేదీ వుంది, పత్రిక పేరు వుంది, చెప్పేవారెవరో తెలుసు. ఈ మూడూ లేని రాతను గాలి కబురుగా లెక్కకట్టవచ్చు.

మనకు దగ్గరైన రచన ఆయన ‘బుద్ధ’. 1972 నుంచి 1983 దాకా సాగింది. కథ జరిగేది మన కపిలవస్తు చుట్టుపట్ల. దాని ఇంగ్లీషు అనువాదం మన దేశంలోనూ ప్రచురణ అయింది. ఐతే అందులో తత్తా, చాప్రా వంటి పాత్రలు తెజుకా కల్పించినవే. బౌద్ధ గ్రంథాల్లో వెతికితే దొరకరు. చరిత్రగా కాక కావ్యంగా చదవాలి. మన కవులు పురాణ కథలను పెంచుకోలేదా, అల్లాగే.

సైకిలు వెనక నాటకం

మాంగా గురించి చదివేవారు తరచు దాటిపోయే ఘట్టం ఒకటుంది. మిఠాయిలమ్మేవాడు సైకిలు మీద వీధిలోకి వచ్చి రెండు కర్రలు టకటక కొట్టేవాడు. పిల్లలు మూగేవారు. సైకిలు వెనక చెక్క చట్రం. అందులో బొమ్మల అట్టలు. ఒక్కొక్కటే లాగుతూ కథ చెప్పేవాడు. కథ మంచి పట్టులో వుండగా ‘తరవాయి రేపు’ అని మూసేవాడు! సీరియల్ కోసం వారమంతా ఎదురుచూసే పాఠకులకు ఈ బాధ నేను వర్ణించనక్కరలేదు. దీన్ని ‘కామిషిబాయ్’ అన్నారు, అంటే కాగితపు నాటకం. 1953లో టెలివిజను ప్రసారాలు మొదలయ్యాక ఇది క్రమంగా కనుమరుగైంది. దానితోపాటు అద్దె పుస్తకాల కొట్లుండేవి. మన పట్టణాల్లో నవలలు రోజు అద్దెకి తెచ్చుకున్న తరానికి ఆ కొట్లు చూసినట్టే వుంటాయి.

ఈ మూడు మెట్లూ, వీధి నాటకం, అద్దె పుస్తకం, వారపత్రిక, ఎక్కి వచ్చినవాడు షిగెరు మిజుకి. యుద్ధంలో రబౌల్ దగ్గర బాంబుదాడిలో ఎడమచెయ్యి పోగొట్టుకున్నాడు. మిగిలిన ఒక్క చేత్తో పల్లెటూరి దెయ్యాల కథలను, తాను చూసిన యుద్ధాన్ని జీవితాంతం గీసి 2015లో పోయాడు. ఆయన పెరిగిన సకాయిమినాటో ఊళ్లో వీధి పొడుగునా ఆయన దెయ్యాల కంచు విగ్రహాలు బారులు తీరి వున్నాయి.

కేజి నకజావా సంగతి ఇంకా బరువైనది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడేనాటికి ఆయనకు ఆరేళ్లు. బడి గోడ అడ్డం రాబట్టి బతికాడు. తండ్రి, అక్క, తమ్ముడు పోయారు. 1973లో పిల్లల వారపత్రికలో ‘హదాషి నో గెన్’ మొదలుపెట్టాడు. ‘చెప్పుల్లేని గెన్’ అని అనుకోండి. 1976 నుంచి స్వచ్ఛందంగా పనిచేసిన కొందరు దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. మరి 2023లో హిరోషిమా విద్యాధికారులే తమ శాంతి పాఠాల నుంచి ఆ కథను తీసేశారు. ఇది తెలిస్తే, బొమ్మల కథను దాచడమంటే వట్టి సరదా కాదని అర్థమౌతుంది. పాఠ్యపుస్తకం విడిచిపెట్టిన జ్ఞాపకానికి గ్రంథాలయం బీరువాయే దిక్కు.

మూతపడ్డ బడిలో తెరిచిన పుస్తకాలు

క్యోటో నగరం నడిబొడ్డున 1869 నాటి ప్రాథమిక పాఠశాల ఒకటి వుండేది. పిల్లలు తగ్గిపోయి 1995లో మూతపడింది. నగరపాలక సంస్థ, క్యోటో సెయికా విశ్వవిద్యాలయం కలిసి 2006 నవంబరులో అదే భవనంలో అంతర్జాతీయ మాంగా మ్యూజియం తెరిచాయి. అక్కడ భద్రపరిచినవి సుమారు మూడు లక్షలు. వాటిలో యాభై వేల పుస్తకాలు గోడల పొడుగునా అరల్లో వుంటాయి. ఎవరైనా తీసుకుని చదువుకోవచ్చు, పచ్చిక మీద పడుకుని కూడా. టోక్యోలో మెయిజి విశ్వవిద్యాలయం యోషిహిరో యోనెజావా పేర 2009లో మాంగా గ్రంథాలయం పెట్టింది. హిరోషిమా నగరానికి 1997 నుంచి ప్రత్యేకంగా మాంగా గ్రంథాలయమే వుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయపు బిల్లీ ఐర్లండ్ గ్రంథాలయంలో కూడా మాంగా బాగా పోగుచేశారు. లండనులోని బ్రిటిష్ మ్యూజియం 2019లో మూడు నెలలపాటు పెద్ద ప్రదర్శన నడిపింది.

వీటి వెబ్‌సైట్‌లలో పాత ప్రదర్శనల వ్యాసాలు, చిత్రకారుల వివరాలు దొరుకుతాయి. అనుకోకుండా చేతికి తగిలే నాలుగు వాక్యాలు ఒక్కొక్కప్పుడు నాలుగు గంటల వీడియోలకంటే విలువ చేస్తాయి. ఇంకా లోతుకి వెళ్లదలచినవారు ఫ్రెడరిక్ షాట్ 1983లో రాసిన ‘మాంగా! మాంగా!’ పట్టుకోవాలి. దానికి ముందుమాట రాసింది తెజుకా. పాల్ గ్రావెట్ 2004లో రాసిన చరిత్ర బొమ్మలతో నిండుగా వుంటుంది. బొమ్మల కథ చదువరి మనసులో ఎల్లా పనిచేస్తుందో తెలియాలంటే స్కాట్ మెక్‌క్లౌడ్ 1993 నాటి పుస్తకం చాలు.

తెలుగువాడికి కలిసొచ్చేది

మాంగా కుడినుంచి ఎడమకు చదవాలి. ఉర్దూ వచ్చిన హైదరాబాదు మిత్రులకు ఇది చిటికెలో పని. వెనక ఇంగ్లీషు ప్రచురణకర్తలు పాఠకుల సౌకర్యమని పుటలను అద్దంలో చూపినట్టు తిప్పి వేసేవారు. దానితో కుడిచేతి కత్తివీరులంతా ఎడమచేతివాళ్లయ్యారు. అంతకన్న ఘోరం - జపాను కిమోనో ఎడమ అంచు పైకి వచ్చేట్టు కడతారు. కుడి అంచు పైకి కట్టేది శవానికి. తిప్పిన పుటల్లో బతికున్నవాళ్లందరికీ చావు కట్టుడే! పుట తిప్పకుండా వేసిన ప్రతినే చదవమనడానికి ఇంతకంటే కారణం కావాలా?

అసలు లాభం మాటల్లో వుంది. మాంగా బొమ్మల మీద పెద్ద అక్షరాలతో రాసే ధ్వనులను ఇంగ్లీషులోకి మార్చలేక అనువాదకులు తలలు పట్టుకుంటారు. మనకా బాధ తక్కువ. ‘కిరకిర’ అంటే మన మిలమిల. ‘దొకిదొకి’ అంటే గుండె దడదడ. ‘గుత్సుగుత్సు’ అంటే అన్నం కుతకుత. మిలమిలకు నిజంగా చప్పుడు లేదు గదా. వెలవెల, నిగనిగ కూడా అంతే. చూపును చెవికి వినిపించే ఈ విద్య జపానువారికీ, మనకూ కూడా వుంది. వాళ్లు ఇంకో అడుగు వేసి నిశ్శబ్దానికి కూడా ‘షీన్’ అని చప్పుడు పెట్టారు. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దమని మనం వాక్యంలో చెప్పేదాన్ని వాళ్లు ఒక్క మాటలో చిత్రిస్తారు.

ఈ మాటలు నేర్చుకోదలచినవారికి జపాన్ ఫౌండేషన్ అనే సంస్థ, 1972లో స్థాపించినది, మాంగాలోని భాషకోసమే పాఠాలు తయారుచేసింది. పిల్లల మాంగాలో కష్టమైన అక్షరాల పక్కనే చిన్న అక్షరాలతో ఉచ్చారణ వేస్తారు. చదువు నేర్పే బాలశిక్ష అందులోనే దాగి వుందన్నమాట.

దొంగ సొమ్ము

“ఇవన్నీ బాగున్నాయి సార్, కొనడానికి మా దగ్గర డబ్బులెక్కడివి?” అని ఒక విద్యార్థి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అందుకే సమాధానం కూడా సూటిగా చెప్పాను.

జపానులో ‘మాంగామురా’ అనే దొంగ వెబ్‌సైట్ వుండేది. ‘మాంగా పల్లె’ అని పేరు. చేసింది పల్లెను దోచే పని. 2018 ఏప్రిల్‌లో మూతపడింది. నడిపినవాణ్ణి 2019లో మనీలాలో పట్టుకున్నారు. 2021లో మూడేళ్ల జైలు పడింది. 2024లో టోక్యో న్యాయస్థానం ముగ్గురు ప్రచురణకర్తలకు సుమారు 170 కోట్ల యెన్లు ఇమ్మని తీర్పు చెప్పింది. ఆ సొమ్ము ఎవరి కష్టం? వారానికి ఇరవై పుటలు గీసి ఇచ్చే చిత్రకారుడిదీ, పక్కన కూచుని ఇళ్లూ, చెట్లూ గీసే సహాయకులదీ. ఒకప్పుడు ‘షోనెన్ జంప్’ అనే వారపత్రిక ఒక్క సంచిక 65 లక్షల 30 వేల ప్రతులు అచ్చయింది. 1994 చివరి మాట అది. ఆ రోజుల్లో పాఠకుడు ఇచ్చిన నాణెమే చిత్రకారుడి ఇంట దీపమయింది.

డబ్బు లేనివారికి దారి లేకపోలేదు. ఆ పత్రిక ప్రచురణకర్తలైన షూయెయిషా వారే 2019 జనవరిలో ‘మాంగా ప్లస్’ అనే యాప్ పెట్టారు. మొదటి అధ్యాయాలు, తాజా అధ్యాయాలు ఉచితం. జపానులో వెలువడిన రోజే ఇంగ్లీషులో మన చేతికి వస్తాయి. విజ్ మీడియా వారి ‘షోనెన్ జంప్’ కూడా 2018 చివరినుంచి మన దేశంలో స్వల్ప చందాకు దొరుకుతోంది. దొంగ పుటలో వారం ముందు చూస్తే వచ్చే పుణ్యమేమీ లేదు. పైగా అక్కడ అనువాదం ఎవరు చేశారో, ఏ మాట మింగారో అడిగే దిక్కుండదు.

దాచినవారికి దక్కినది

ఇంత వెతుకులాటలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది బొమ్మలు కాదు, అవి దొరికిన తీరు. మాంగా పత్రిక చవక కాగితం మీద అచ్చయ్యేది. చదివి రైలుపెట్టెలో వదిలేసేవారు. అల్లాంటి చిత్తు కాగితాన్ని కూడా పోనివ్వకుండా కొందరు పట్టుకున్నారు. తోషియో నాయికి అనే ఆయన అద్దె పుస్తకాలను పోగుచేసి 1978లో టోక్యోలో మాంగా గ్రంథాలయం తెరిచాడు. లక్షకు పైగా పుస్తకాలు దాచాడు. తర్వాత ఆ నిధి మెయిజి విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఇవాళ పరిశోధకులు దేశాలు దాటి వెళ్లి వాటి ముందు చేతులు కట్టుకు నిలబడుతున్నారు.

మన సచిత్ర వారపత్రికలు కూడా అల్లాంటి కాగితాలే. ఎన్నో ఇళ్లలో బైండు చేయించి దాచిన సీరియళ్లు తాతగారి తర్వాత తూకానికి వెళ్లాయి. వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు నిలబెట్టినవి తప్ప మిగతావి ఏమయ్యాయో చెప్పనక్కరలేదు. కనుక మాంగా నేర్చుకోదలచిన విద్యార్థికి నేను పెట్టే పరీక్ష చిన్నది. ఇష్టమైన ఒక్క మాంగా ఎంచుకో. గీసినవారి పేరు, మొదలైన ఏడాది, వెలువడిన పత్రిక - మూడూ దాచినవారి దగ్గరినుంచే తెచ్చి చూపించు. ఆపైన మీ ఇంటి అటక ఎక్కి, అక్కడ మిగిలిన పాత వారపత్రిక ఒక్కటి దుమ్ము దులిపి, అందులో బొమ్మ వేసినవారి సంతకం ఏమిటో చదివి రా. రెండో పని మొదటిదానికంటే కష్టమని నిరుడు నా విద్యార్థులు ఒప్పుకున్నారు. అయినా నలుగురు చేసుకొచ్చారు.